వడ్లు ఆరబోసిన రోడ్డు

మా ఊరి నుంచి కారంపూడి వైపు పోయే రోడ్డు మీద టిప్పరు పోతుంటే పక్కన మేక కూడా పట్టదు. నవ్వులాటకు చెప్పడం లేదు. రెండు బళ్లు ఎదురుపడితే ఏదో ఒకటి సగం చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. తారు అంచులు ఎలకలు కొరికినట్టుంటాయి. తారు మీద నుంచి మట్టిలోకి జానెడు లోతు. ఎండాకాలంలో అక్కడ బళ్లలోంచి రాలిన కంకర ఉంటుంది, సైకిలు చక్రం జారుతుంది. వానాకాలంలో నల్లరేగడి, చక్రం దిగబడుతుంది. ఎట్లాగూ పడాలి, ఏ కాలంలో ఎట్లా పడాలన్నదే తేడా.

ఆ రోడ్డు మీద మా ఇంట్లోంచి రోజూ ఇద్దరు పోయేవాళ్లు. మా ఆయన టిప్పరు డ్రైవరు. క్వారీలో కంకర ఎత్తుకుని మా ఊరి మీదుగానే పోతాడు. మా అమ్మాయి పదో తరగతి. హైస్కూలు పక్క ఊళ్లో. బస్సు ఒకటి మరీ పెందలాడే వస్తుంది, ఇంకోటి మధ్యాహ్నం వస్తుంది, బడి టైముకు ఏదీ రాదు. ఆటోలన్నీ కూలీలను ఎక్కించుకుని తెల్లారేసరికే చేలకు పోతాయి. అందుకని ఎవరో వాడి పక్కన పెట్టిన సైకిలు కొని, దానికి కొత్త టైర్లు వేయించి ఇచ్చాం. ఎదురింటి వదిన కూతురూ మా అమ్మాయీ జంటగా పోయేవాళ్లు.

నేను పదో తరగతి లెక్కల్లో పోయినదాన్ని. మళ్లీ రాస్తానని ఎంత ఏడ్చినా మా నాన్న వినలేదు, ఆ ఎండాకాలమే పెళ్లి చేసి చేతులు దులుపుకున్నాడు. మా అమ్మాయికేమో లెక్కలంటే పిచ్చి. పాలు పోసే గిన్నె చూసినా ఇందులో ఎన్ని గ్లాసులు పడతాయని అడిగే రకం. పాలిటెక్నిక్‌లో చేరాలని ఎనిమిదో తరగతి నుంచే పాట. నాకు ఈ జన్మకి మిగిలిన ఆశ ఒక్కటే, ఈ పిల్ల పది గట్టెక్కి ఆ కాలేజీ మెట్లు ఎక్కాలని. అది కావాలంటే రోజూ ఆ రోడ్డు మీద పోయి, రోజూ తిరిగి రావాలి.

ఆ రోడ్డుకు ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. వెనక నుంచి టిప్పరు హారన్ కొడితే సైకిలు తారు దిగాలి. ఎదురుగా వచ్చినా సైకిలే దిగాలి. సైకిలు మీద ముసలాడున్నా, గడ్డిమోపుతో ఉన్నా, కడుపుతో ఉన్న మనిషిని వెనక కూర్చోబెట్టుకున్నా సరే. దిగకపోతే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తిడతాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను. రాస్తే ఈ పుస్తకాన్ని ఇంట్లో ఉంచుకోరు.

ఒక సాయంత్రం మా అమ్మాయి మోకాలు చీరుకుని వచ్చింది. యూనిఫాం నిండా మట్టి. మా ఆయన అప్పుడే స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఎట్టా పడ్డావే?" అన్నాడు.

"టిప్పరు వచ్చింది నాన్నా. దిగుదామనుకునే లోపలే దగ్గరికి వచ్చేసింది."

"సౌండ్ వినపడగానే దిగాలని చెప్పానా లేదా? దగ్గరికి వచ్చిందాకా ఏం చేస్తండావు?"

నాకు ఒళ్లు మండింది. "రక్తం కారతా పిల్ల ఇంటికొస్తే దాన్నే అంటావేంది? వాడికి బ్రేకు లేదా?" అన్నాను.

"లోడుతో ఉన్న బండి అనుకున్న చోట ఆగిద్దా? బ్రేకేస్తే నూకుకుంటా పోద్ది. టిప్పరు మట్టిలోకి దిగితే తిరగబడిద్ది. సైకిలు దిగితే ఏమైద్ది?"

"మోకాలు చీరుకుపోద్ది. కనపడతండాది కదా!"

ఆయన లేచి వెళ్లి పసుపు తెచ్చి తనే పిల్ల మోకాలికి అద్దాడు. చెడ్డ మనిషి కాదు. ట్రిప్పుల లెక్కన జీతం తీసుకునే మనిషి, అంతే. నెమ్మదిగా తోలితే ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. ఎక్కేవాళ్లకు కరువు లేదు. బండి ఎక్కిన ప్రతివాడూ ఒకప్పుడు సైకిలు తొక్కినవాడే, మా ఆయనతో సహా. స్టీరింగ్ పట్టుకోగానే అదంతా మర్చిపోయే మందేదో వీళ్లకు పోస్తారేమో అనిపించేది నాకు.

ఊరికే కూర్చోలేదు నేను. వదినా నేనూ ఇంకొందరు ఆడవాళ్లమూ కలిసి ఊరి పెద్దల దగ్గరికి పోయాం. రోడ్డు వెడల్పు శాంక్షన్ అయిందమ్మా అన్నారు. ఎప్పుడంటే, అయింది కదమ్మా అన్నారు. ఆ మాట మా పెళ్లయినప్పటి నుంచీ వింటున్నాను. పోనీ అంచుల్లో మట్టన్నా పోయించండయ్యా, పిల్లలు దిగడానికి వీలుంటుంది అంటే, వెడల్పు చేసేటప్పుడు ఎట్లాగూ పోస్తారు, ఇప్పుడు పోస్తే దండగ అన్నారు. సిగ్గు లేకపోతే సరి. ఊరి మొగదల మట్టితో మేమే ఒక గుట్ట కట్టాం, బళ్లు నెమ్మదిస్తాయని. నాలుగు రోజులకే టిప్పర్లు దాన్ని చపాతీలాగా వత్తేశాయి.

ఇంతలో వరికోతలొచ్చాయి.

మా వైపు ఇప్పుడు కొడవలితో కోసేవాళ్లు లేరు. మిషను వచ్చి గంటలో చేను ఖాళీ చేసి వడ్లు ట్రాక్టర్‌లో పోసి పోతుంది. ఆ వడ్లు పచ్చిగా ఉంటాయి. ఆరకపోతే ఎవరూ కొనరు. ఆరబెట్టడానికి ఎవరికీ కల్లాలు లేవు, ఉన్నవి ఇళ్ల స్థలాలైపోయాయి. అందుకని కోతలు మొదలైతే రోడ్డు సగం వడ్లే. ఊరు దాటిన దగ్గర నుంచి బారుగా పరిచి, బళ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఉన్నదే ఇరుకు రోడ్డు, అందులో సగం మాయం.

ఒకరోజు అన్నం తింటూ మా ఆయన నవ్వుతూ అన్నాడు. "ఒకటి చెప్పనా? మా వాళ్లు మనిషి పక్కన వేలెడు సందులో పోనిస్తారు గానీ, వడ్ల మీద మాత్రం చక్రం పడనీరు. ఎంత పొగరుబోతు డ్రైవరైనా సరే. తినే గింజ కదా, చేతులు రావు."

నేను ముద్ద అట్లాగే పట్టుకుని ఉండిపోయాను.

మర్నాడు వదినతో చెప్పాను. వదినకు కూడా వడ్లున్నాయి, ఇంకా పోయలేదు. తారు అంచు దాకా పోయకుండా, అంచున సైకిలు పట్టేంత దారి వదిలేసి, దాని ఇవతల వడ్లు పోద్దాం అన్నాను. బళ్లు వడ్లను తప్పించుకుని అవతల నుంచి పోతాయి. వడ్లకూ అంచుకూ మధ్యన పిల్లలు పోతారు. వదిన నా వంక చూసి, "ఏమే, నీకు లెక్కలు రావని ఎవరే అన్నది?" అంది. మిగతావాళ్లకూ చెప్పింది. వాళ్లకు పోయేదేముంది? ఎక్కడ పోసినా పోయాల్సిందే కదా. ఊరి చివర నుంచి కాలవ కల్వర్టు దాకా అట్లాగే పోశారు.

చెబితే నమ్మరు. పనిచేసింది! టిప్పర్లు దూరం నుంచే వేగం తగ్గించి, వడ్లు చూసుకుంటూ అవతల అంచున పోయేవి. ఇవతల పసుపుపచ్చటి గింజల పక్కన మా పిల్లలిద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పోయేవాళ్లు. సాయంత్రం కూడా అదే దారిన వచ్చేవాళ్లు. హారన్ కొట్టినా దిగేవాళ్లు కాదు. దిగాల్సిన పనే లేదు. వడ్లు తిరగేయడానికి వెళ్లినప్పుడు ఆ పిల్లలు వస్తుంటే చూసి వదిన నా చెయ్యి గిల్లేది. మా ఆయన కూడా బండిలోంచి చెయ్యి ఊపి పోయేవాడు. అన్నేళ్లలో ఆ రోడ్డు మీద నేను భయం లేకుండా నిలబడింది ఆ కొద్ది రోజులే.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండ కాసింది. తర్వాత ఉన్నట్టుండి మబ్బు పట్టింది. వానొస్తే ఆరిన వడ్లన్నీ మళ్లీ నానతాయి. ఊరు ఊరంతా రోడ్డు మీదకు పరుగెత్తింది. నేనూ వదినకు సాయం పోయాను. ఒకరు చెక్కగోరుతో లాగితే ఒకరు చీపురుతో ఊడ్చి, పరిచిన వడ్లన్నీ కుప్పలు చేశాం. కుప్పల మీద పట్టాలు కప్పాం. గాలికి లేవకుండా పట్టాల అంచుల మీద రాళ్లు పెట్టాం. తారు మధ్యలోకి కుప్ప వేస్తే బళ్లు తగులుతాయని, అందరం అంచుకు జరిపి వేశాం. పిల్లల కోసం వదిలిన దారి మీదే వేశాం. ఆ తొందరలో ఒక్కరికన్నా ఆ మాట తట్టిందా? తట్టలేదు. చినుకులు మొదలయ్యాయి, అందరి కళ్లూ మబ్బు మీదే ఉన్నాయి.

బడి వదిలారు. కల్వర్టు దగ్గర పిల్లలిద్దరూ కనిపించారు. తమ దారిన కుప్పలుండేసరికి రోడ్డు అవతలి అంచుకు మారి వస్తున్నారు. వదిన కూతురు ముందు, మా అమ్మాయి వెనక. అదే సమయానికి ఊరి వైపు నుంచి లోడు టిప్పరు వచ్చింది. తోలేవాడు మాకు తెలిసినవాడే. మా ఆయనతో పాటే పనిచేస్తాడు, మా ఇంట్లో రెండు మూడుసార్లు భోజనం కూడా చేశాడు. వదిన కుప్ప దగ్గరికి వచ్చేసరికి, కుప్పను తప్పించడానికి బండిని అవతలికి కోశాడు.

నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. వదిన కూతురు దిగబోయింది. తడిసిన అంచు, జానెడు లోతు. సైకిలు మట్టిలోకి, పిల్ల తారు మీదకి పడింది. టిప్పరు వెనక చక్రం పిల్ల కాలిని రాసుకుంటూ పోయింది. మా అమ్మాయి సైకిలు వదిలేసి పొలంలోకి దూకింది. దానికి గీత కూడా పడలేదు. అది తలుచుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. వదిన అక్కడ కూతురి తల ఒళ్లో పెట్టుకుని కేకలు పెడుతుంటే, నేను నా పిల్లకు దెబ్బ తగల్లేదని దణ్ణం పెట్టుకున్నాను. తల్లి బతుకు ఇంత హీనంగా ఉంటుంది.

ఆ డ్రైవరు పారిపోలేదు. బండి ఆపి, పిల్లను చేతుల మీద ఎత్తుకుని ఆటో ఎక్కించి, నరసరావుపేట ఆసుపత్రి దాకా మాతోనే వచ్చాడు. వరండాలో వదిన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అక్కా, ఎదురుగా పిల్ల కనపడిందక్కా. ఇటు చూస్తే వడ్ల కుప్ప. పిల్లైతే దిగిద్దిలే అనుకున్నానక్కా. రోజూ దిగతారు కదా. కుప్ప యాడికి దిగిద్ది?"

వదిన వాణ్ణి కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వాడి వైపు తిరిగి, "ఎక్కించాల్సింది నాయనా. నా వడ్ల మీదనే ఎక్కించాల్సింది" అంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని గోడకు జారిపోయింది. నేను పక్కన కూర్చుని వదిన వీపు రాస్తూ ఉన్నాను.

ఆ పిల్ల కాలిలో రాడ్డు వేశారు. నడుస్తుంది కానీ, కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది.

తర్వాత జరిగిందంతా నాకు ముందే తెలిసినట్టు జరిగింది. ఊళ్లో సైకిలు మీద పోయే ఆడపిల్లలందరినీ బడి మాన్పించారు. వడ్లు ఎత్తేశారు, అమ్మేశారు. కొన్నాళ్లు టిప్పర్లు నెమ్మదిగా పోయాయి, తర్వాత మామూలే. మా అమ్మాయిని మాన్పించడం ఇష్టంలేక హాస్టల్లో చేర్పిద్దామని తిరిగితే, పదో తరగతి మధ్యలో చేర్చుకోం అన్నారు. మా ఆయన తన బైకు మీద దించుదామంటే, ఆయన తెల్లవారుజామునే క్వారీకి పోవాలి. ఓ వారం సెలవు పెట్టి దించాడు. వారం తర్వాత వెళ్తే ఆయన బండి మీద ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. మళ్లీ బతిమాలి, వేరే బండి ఎక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

పోనీ నేను నడిపించుకుపోతానన్నాను. నడిపించాను కూడా. పొద్దున దించి రావడం, సాయంత్రం పోయి తీసుకురావడం. బండి శబ్దం వినిపిస్తే చాలు, పిల్ల నా చెయ్యి వదిలించుకుని పొలంలోకి దిగేది. ఇంకా అర మైలు దూరంలో ఉండగానే దిగేది. బండి పోయినా ఎక్కేది కాదు. వెనక ఇంకోటి ఉందేమోనని నిలబడేది. బడికి పోయేసరికి రోజూ మొదటి పీరియడ్ అయిపోయేది. ఆ మొదటి పీరియడే లెక్కలు.

ఒకరోజు కాలవ దగ్గర పొలంలో దిగి నిలబడి, టిప్పరు వెళ్లాక పైకి రాలేదు.

"రావే, టైమయింది" అన్నాను.

"నేను పోను అమ్మా."

"ఏందే? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నా. నాకు చదువొద్దు. ఇంటికి పోదాం."

తిట్టాను. కొట్టబోయాను. నీ కాళ్లు పట్టుకుంటానే అన్నాను. పది రాయవే, ఒక్క పది రాయవే తల్లీ, ఇంకేం అడగను అన్నాను. నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను, సిగ్గు కూడా లేకుండా. అది ఏడవలేదు. పుస్తకాల సంచి నా చేతికిచ్చి, ఊరి వైపు తిరిగి నడవడం మొదలుపెట్టింది. దాని వెనకాలే నేను నడిచాను. ఇంటికొచ్చాక మా ఆయన విని, "పోనీలే, ప్రాణమన్నా మిగిలిద్ది" అన్నాడు. ఆ మాటకు ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు. అట్లాగని తప్పనీ అనలేను.

మిరపకాయ కోతలొచ్చాయి. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని నాతో పాటు కూలికి తీసుకెళ్లాను. ఆటోలో మనుషుల మీద మనుషులం. నేను వెనక, మా అమ్మాయి ముందు డ్రైవరు పక్కన అంచు మీద. దానికి ఆ చోటే ఇష్టం. చిన్నపిల్ల కదా, గాలి తగులుతుంది, కూలీల పాటలు వింటుంది, నవ్వుతుంది. మళ్లీ నవ్వుతోంది కదా అని నేనూ సర్దిపెట్టుకున్నాను. మబ్బులో నుంచి కొంచెం వెలుతురు కనిపించినా చాలనిపించే స్థితిలో ఉన్నాను నేను.

మొన్నొక రోజు పని త్వరగా అయిపోయి సాయంత్రం వస్తున్నాం. ముందు ఒక పిల్ల సైకిలు తొక్కుకుంటూ పోతోంది. పక్క ఊరి పిల్ల. రెండు జడలు, వీపున పుస్తకాల సంచి. ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ పిల్ల దిగలేదు. మళ్లీ కొట్టాడు. అంచు చూసుకుంటూ, భయపడుతూ, తొక్కుతూనే ఉంది. మా అమ్మాయి ఆటోలోంచి సగం బయటకు వంగింది.

"ఏమే, చెవుడా? అడ్డం లెయ్యి! రోడ్డు మీ అబ్బదా?"

ఆటోలో అందరూ పకపకా నవ్వారు. డ్రైవరు మెచ్చుకోలుగా దాని భుజం తట్టాడు. ఒరేయ్ ఆపరా ఆటో అనాలనుకుంటూనే కమ్మీ పట్టుకుని బయటకు వంగాను. ఆ పిల్ల గబగబా దిగి, సైకిలు హ్యాండిల్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని కంకరలో నిలబడింది. పక్కన పోతున్నప్పుడు దాని ముఖం చూశాను, ఏడుపు ఆపుకుంటోంది. మా అమ్మాయి దాని వైపు తిరిగి కూడా చూడలేదు. అప్పటికే ముందున్న ఇంకో సైకిలును చూస్తోంది.